మీటర్లు సరే, దేనికి మీటర్లు? దూరపు షూటింగ్‌లో లేజర్ రేంజ్‌ఫైండర్

బటన్ నొక్కగానే, దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ అద్దంలో 874 అని ఒక అంకె వెలుగుతుంది. వెంటనే స్కోప్ టరెట్ (దూరాన్ని బట్టి గురిని సరిచేసే మీట) తిప్పేసి, ఊపిరి బిగబట్టి కాల్చేవాళ్లే ఎక్కువ. బుల్లెట్ టార్గెట్ పైనుంచి పోతుంది. అప్పుడు గాలిని తిడతారు, మందుగుండును తిడతారు, చివరికి రైఫిల్‌నే అనుమానిస్తారు. ఆ 874 మీద మాత్రం ఎవరికీ అనుమానం రాదు. అది లేజర్ చెప్పిన మాట కదా!

లేజర్ అబద్ధమేమీ చెప్పలేదు. తాను పంపిన వెలుతురు 874 మీటర్ల దూరంలో దేనికో తగిలి తిరిగొచ్చిందని చెప్పింది, అంతే. ఆ తగిలింది ఇనుప ప్లేటా, దాని వెనకున్న మట్టికట్టా, మధ్యలో పెరిగిన గడ్డి దుబ్బా అన్నది ఆ పరికరానికి తెలియదు. దూరపు షూటింగ్‌లో రేంజ్‌ఫైండర్ పేరిట జరిగే పొరపాట్లు చాలావరకు ఇక్కడే పుడతాయి. కొలత సరిగ్గానే ఉంటుంది, కొలిచిన వస్తువు వేరే ఉంటుంది.

పది మీటర్లు తప్పితే ఏమవుతుంది

గొట్టం దాటిన క్షణం నుంచి బుల్లెట్ కిందికి పడుతూనే ఉంటుంది. మొదట్లో ఆ పతనం పెద్దగా తెలియదు. దూరం పెరిగేకొద్దీ బుల్లెట్ వేగం తగ్గుతుంది, ఒక్కో మీటరు దాటడానికి ఎక్కువ సమయం పడుతుంది, దిగే దారి అంతకంతకూ ఏటవాలుగా మారుతుంది. 6.5 క్రీడ్‌మూర్ లాంటి మధ్యరకం తూటాను తీసుకుందాం. 300 మీటర్ల దగ్గర దూరాన్ని 10 మీటర్లు తప్పుగా లెక్కేసినా బుల్లెట్ రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే పైకో కిందికో తగులుతుంది. అదే తూటాకు 1000 మీటర్ల దగ్గర అదే 10 మీటర్ల తప్పు దాదాపు 15 సెంటీమీటర్ల తేడా తెస్తుంది. .308 విన్‌చెస్టర్ అనే తూటా ఇంకా ఏటవాలుగా దిగుతుంది కాబట్టి దానికి తేడా 20 సెంటీమీటర్లు దాటిపోతుంది.

అంటే 300 మీటర్ల లోపల దూరాన్ని కంటితో అంచనా వేసినా పెద్దగా నష్టం లేదు. 600 దాటాక ఆ అంచనా పనికిరాదు. దూరం ముందే కొలిచి కట్టిన రేంజిల్లో జరిగే పోటీలకు ఈ గొడవే లేదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్‌ఎస్‌ఎఫ్) రైఫిల్ పోటీల్లో అతి పెద్ద దూరం 300 మీటర్లు. పాల్మా అనే దూరపు రైఫిల్ పోటీలు 800, 900, 1000 గజాల దగ్గర జరుగుతాయి. అక్కడ షూటర్ తలనొప్పంతా గాలితోనే. కొండవాలు మీదో మైదానంలోనో అక్కడక్కడా ఇనుప ప్లేట్లు పెట్టి, దూరం మీరే తెలుసుకోండి అన్నప్పుడే రేంజ్‌ఫైండర్‌తో పని పడుతుంది.

వెలుతురు వెళ్లొచ్చిన సమయం

పరికరం కంటికి కనిపించని పరారుణ కాంతిని చిన్న చిన్న పల్స్‌లుగా పంపుతుంది. అది తగిలి తిరిగొచ్చే దాకా ఎంత సమయం పట్టిందో చూసి, సగం చేసి, కాంతి వేగంతో గుణిస్తుంది. కాంతి ఒక నానోసెకండులో సుమారు 30 సెంటీమీటర్లు పోతుంది. వెయ్యి మీటర్లు వెళ్లి రావడానికి పట్టేది సుమారు 6.7 మైక్రోసెకన్లు. ఒక మీటరు తేడా పట్టాలంటే లోపలి గడియారం 6.7 నానోసెకన్ల తేడాను గుర్తించాలి. నేటి ఎలక్ట్రానిక్స్‌కు అదేమంత కష్టం కాదు. అందుకే మామూలు ధర పరికరం కూడా ఒక మీటరు అటూ ఇటూగా సరైన దూరమే చెప్పగలదు.

లేజర్ రాకముందు రెండు కిటికీల మధ్య దూరాన్ని ఆధారం చేసుకుని, రెండు బొమ్మలను కలిపి కోణాన్ని బట్టి దూరం కట్టే ఆప్టికల్ రేంజ్‌ఫైండర్లు ఉండేవి. వాటి లోపమేమిటంటే దూరం రెట్టింపైతే తప్పు నాలుగింతలయ్యేది. థియోడర్ మైమన్ 1960లో మొదటి లేజర్‌ను వెలిగించిన కొద్ది కాలానికే దాన్ని దూరం కొలవడానికి వాడటం మొదలైంది. కారణం ఇదే. సమయాన్ని కొలిచే పద్ధతిలో గడియారం వల్ల వచ్చే తప్పు 200 మీటర్ల దగ్గర ఎంతో, 1200 దగ్గరా ఇంచుమించు అంతే.

మరి ఉష్ణోగ్రత, పీడనం? గాలిలో కాంతి శూన్యంలో కన్నా కొంచెం నెమ్మదిగా పోతుంది. ఆ తేడా కిలోమీటరుకు 30 సెంటీమీటర్ల లోపే. దాన్ని ముందే లెక్కలో వేసుకుంటే, వాతావరణం మారినందువల్ల మిగిలేది కిలోమీటరుకు కొన్ని సెంటీమీటర్లు. ఉష్ణోగ్రత, పీడనం గురించిన చింత బుల్లెట్‌కు ఉండాలి, లేజర్‌కు అక్కర్లేదు.

వెలుతురు చుక్క కాదు, చాప

లేజర్ అనగానే గోడ మీద ఎర్రటి చుక్క గుర్తొస్తుంది. రేంజ్‌ఫైండర్ కాంతి నిజానికి టార్చ్ వెలుగులాగే దూరం పెరిగేకొద్దీ పరుచుకుంటుంది, కాకపోతే చాలా నెమ్మదిగా. ఈ పరుచుకోవడాన్ని మిల్లీరేడియన్లలో చెబుతారు. లెక్క తేలికే. ఒక మిల్లీరేడియన్ అంటే 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు, 1000 మీటర్ల దగ్గర ఒక మీటరు. రైఫిల్ స్కోప్‌లో మిల్ అనేదీ ఇదే.

కాంతినిచ్చే డయోడ్ సన్నటి పట్టీలా ఉంటుంది కాబట్టి బయటికొచ్చే వెలుగు కూడా తరచుగా గుండ్రంగా కాక దీర్ఘచతురస్రంగా ఉంటుంది. ఒక పరికరానికి వెడల్పు 1.5, ఎత్తు 0.5 మిల్లీరేడియన్లు ఉందనుకుందాం. 300 మీటర్ల దగ్గర ఆ వెలుగు 45 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. అక్కడ 40 సెంటీమీటర్ల చదరపు ప్లేటు ఉంటే వెలుగంతా దాదాపు దాని మీదే పడుతుంది. ఆ ప్లేటునే 1000 మీటర్ల దగ్గర పెడితే వెలుగు మీటరున్నర వెడల్పు, అర మీటరు ఎత్తు అయిపోతుంది. లెక్కవేస్తే అందులో ప్లేటు మీద పడేది అయిదో వంతు. మిగతా నాలుగు వంతులు పక్కనుంచి పోయి వెనకున్న మట్టికట్టకో, పొదకో, ఇంకెక్కడికో తగులుతాయి. అయిదో వంతు వెలుగు గొంతు పెద్దదా, నాలుగు వంతులదా? అది ఏది దేనికి తగిలిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

పరికరం కొనేటప్పుడు అందరూ ఎంత దూరం కొలుస్తుందని అడుగుతారు. నన్నడిగితే ముందు చూడాల్సింది ఈ పరుచుకునే కొలత. 1500 మీటర్లు కొలిచే సన్నటి వెలుగు, 3000 కొలిచే వెడల్పాటి వెలుగు రెండూ ఎదురుగా ఉంటే చిన్న టార్గెట్లు కాల్చేవాడికి మొదటిదే మేలు.

వెలుగు ఆకారం తెలిస్తే ఇంకో లాభముంది. చదునైన నేల మీద టార్గెట్ ఉన్నప్పుడు ముందున్న నేల, వెనకున్న నేల రెండూ వెలుగు ఎత్తులో పడి గందరగోళం చేస్తాయి. అక్కడ పొడవు పక్క అడ్డంగా, పొట్టి పక్క నిలువుగా ఉండాలి. రెండు చెట్ల మధ్య సందులోంచి కొలవాలంటే దీనికి తలకిందులు. పరికరాన్ని 90 డిగ్రీలు తిప్పి పట్టుకుంటే వెలుగు కూడా తిరుగుతుంది. కంటికి ఎబ్బెట్టుగా ఉన్నా పనిచేస్తుంది. ఇంకో సంగతి. బోర్లా పడుకుని కొలిస్తే వెలుగు నేలను రాసుకుంటూ పోతుంది, దారిలోని ప్రతి గడ్డిపరకా దాన్ని కొంచెం తినేస్తుంది. లేచి నిలబడో మోకాళ్ల మీద కూర్చునో కొలిచి, తర్వాత పడుకుని కాల్చండి. మీటరు ఎత్తు పెరిగినా చాలా తేడా కనిపిస్తుంది.

పెట్టె మీది అంకె, ప్లేటు మీది పెయింటు

పెట్టె మీద 2000 అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో మూడు అంకెలు కనిపించొచ్చు: మెరిసే టార్గెట్‌కు ఇంత, చెట్టుకు ఇంత, జింకకు ఇంత. మొదటి అంకె రోడ్డు బోర్డుల్లాంటి వాటికి. వాటి మీద వచ్చిన వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపే పూత ఉంటుంది. ఆ సూత్రానికి ఎంత బలముందంటే, 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద పెట్టి వచ్చిన ఆ తరహా అద్దాల పలక మీదికి భూమి నుంచి లేజర్ పంపి చంద్రుడి దూరాన్ని నేటికీ కొలుస్తున్నారు. మీ ఇనుప ప్లేటుకు అలాంటి పూత లేదు. కాబట్టి పెద్ద అంకెను మరిచిపోయి చిన్న అంకెలు చూసుకోవడం మంచిది.

ప్లేటు గురించీ తెలుసుకోవాలి. తగిలిన బుల్లెట్ ముక్కలు నేలలోకి పోవాలని ఇనుప ప్లేట్లను కాస్త ముందుకు వంచి వేలాడదీస్తారు. ప్లేటు మీద మెరుపులేని పెయింటు ఉన్నంతసేపూ వెలుగు అన్ని వైపులా చెదురుతుంది, అందులో కొంత మీ దగ్గరికీ వస్తుంది. దెబ్బలు తిని పెయింటు ఊడి నున్నటి ఇనుము తేలాక అది అద్దంలా ప్రవర్తిస్తుంది, బుల్లెట్ ముక్కలతోపాటు వెలుగునూ నేలలోకే పంపేస్తుంది. పొద్దున్న చక్కగా పలికిన ప్లేటు మధ్యాహ్నానికి మూగపోయిందంటే కారణం ఇదే కావచ్చు. మెరుపులేని తెల్ల పెయింటు ఒక పూత వేస్తే సరిపోతుంది.

రంగు విషయంలో కంటిని నమ్మకూడదు. ఎక్కువ పరికరాలు 905 నానోమీటర్ల కాంతితో పనిచేస్తాయి. ఆ పరారుణంలో పచ్చటి ఆకులు బాగా మెరుస్తాయి. మన కంటికి ముదురుగా కనిపించే పొద లేజర్‌కు తెల్లటి గోడలాంటిది. ప్లేటు పక్కన పచ్చగా పొద ఉందంటే పరికరానికి ముందు వినిపించేది పొద గొంతే.

ఎండ మరో అడ్డంకి. సూర్యకాంతిలో కూడా 905 నానోమీటర్ల కాంతి ఉంటుంది. నడినెత్తిన ఎండలో టార్గెట్ చుట్టూ ఉన్నదంతా ఆ కాంతితో నిండిపోతే, మీ పల్స్ తెచ్చిన కొద్దిపాటి వెలుగు ఆ హోరులో కలిసిపోతుంది. తెల్లవారుజామున, సాయంత్రం, మబ్బు పట్టినప్పుడు అదే పరికరం ఇంకా దూరం కొలుస్తుంది. పొగమంచు, వాన, దుమ్ము అయితే దారిలోనే వెలుగును వెనక్కి తిప్పి పంపుతాయి. 800 రావాల్సిన చోట 40, 60 లాంటి అంకెలు వస్తుంటే మంచు బిందువుల్నే కొలుస్తున్నారన్నమాట. ఖరీదైన పరికరాల్లో కొన్ని 1550 నానోమీటర్ల కాంతి వాడతాయి. దాన్ని కంటిలోని నీరే పీల్చుకుంటుంది, వెనకున్న రెటీనా దాకా చేరనివ్వదు. అందువల్ల భద్రత హద్దులోనే ఉంటూ ఎక్కువ శక్తి పంపవచ్చు. నీరు పీల్చుకునే ఆ గుణమే దాని బలహీనత కూడా. తడిసిన టార్గెట్లు దానికి అంతగా పలకవు.

గుర్తు చూపే చోటు, వెలుగు పడే చోటు

దీన్ని పరీక్షించినవాళ్లు తక్కువ. అద్దంలో కనిపించే గుర్తుకూ బయటికి పోయే వెలుగుకూ మధ్య ఫ్యాక్టరీలోనే కొద్ది తేడా మిగిలిపోవచ్చు, పరికరం కిందపడితే తేడా రావచ్చు. 200 మీటర్ల దగ్గర అది తెలియదు. 900 దగ్గర వెలుగు ప్లేటు పక్కనుంచి పోతుంది.

పరీక్ష తేలిక. రెండు మూడు వందల మీటర్ల దూరంలో, వెనక ఆకాశం తప్ప ఏమీ లేని ఒంటరి స్తంభాన్ని వెతకండి. పరికరాన్ని ట్రైపాడ్ మీద పెట్టి, గుర్తును స్తంభానికి ఎడమవైపు ఖాళీలో ఉంచి కొలవండి. అంకె రాదు. కొంచెం కొంచెంగా కుడికి జరుపుతూ కొలుస్తూ పోండి. ఏ చోట మొదటిసారి అంకె వచ్చిందో, ఏ చోట మళ్లీ ఆగిందో రాసుకోండి. కుడి నుంచి ఎడమకూ ఇదే చేయండి. గుర్తు ఆ రెండు హద్దుల నడిమి చోట ఉన్నప్పుడు అడ్డంగా వెలుగు కేంద్రం స్తంభం మీద ఉన్నట్టు. ఆ చోటు స్తంభానికి ఎడమవైపు ఉంటే వెలుగు గుర్తుకు కుడిపక్కన పడుతోందని అర్థం. నిలువుకు ఏదైనా కప్పు అంచు కావాలి, దాని పైన ఆకాశమే ఉండాలి. అంచు దాటి ఎంత పైకి పోయినా ఇంకా అంకె వస్తుందో చూస్తే వెలుగు గుర్తు కన్నా పైనుందో కిందుందో తెలుస్తుంది. ఫలితాన్ని చిన్న బొమ్మగా గీసి పరికరం సంచిలో పెట్టుకోండి. తేడా ఉన్నా భయం లేదు. వెలుగు గుర్తుకు కుడిపక్కన పడుతోందని తెలిస్తే, గుర్తును ప్లేటుకు ఎడమ అంచున పెట్టి కొలిస్తే చాలు.

ఒక్క అంకె చాలదు

చేతిలో పట్టుకుని కొలిస్తే ఎంత నిబ్బరమున్నా వణుకు తప్పదు. ఆ వణుకు రెండు మిల్లీరేడియన్లున్నా 1000 మీటర్ల దగ్గర గుర్తు రెండు మీటర్ల మేర తిరుగుతుంటుంది. ప్లేటు 40 సెంటీమీటర్లు. బటన్ నొక్కిన క్షణాన అది దేని మీద ఉందో చెప్పడం కష్టం. ట్రైపాడ్ ఉంటే సరే, లేకపోతే ఇసుకసంచి మీదో బండి కప్పు మీదో ఆనించండి. బటన్‌ను పొడవకుండా ట్రిగ్గర్ నొక్కినంత మెల్లగా నొక్కండి.

ఆ తర్వాత కనీసం నాలుగైదు సార్లు కొలవాలి. ఉదాహరణకు 861, 862, 861, 889, 862 వచ్చాయనుకుందాం. లెక్కలు వచ్చినవాళ్లకు వెంటనే సగటు కట్టాలనిపిస్తుంది. సగటు 867. ఆ 867 మీటర్ల దగ్గర ఏముంది? ఏమీ లేదు, ఖాళీ గాలి. ప్లేటు 861 లేదా 862లో ఉంది, మట్టికట్ట 889లో ఉంది, రెండింటినీ కలిపి ఒక లేని వస్తువును సృష్టించాం. అంకెలు ఒకే వస్తువు నుంచి వచ్చినప్పుడే సగటుకు అర్థముంటుంది. ఇక్కడ చూడాల్సింది ఏ అంకె గుంపుగా మళ్లీ మళ్లీ వస్తోందన్నది. తెగిపడ్డ ఆ 889ను పారేయకండి, అది కూడా సమాచారమే. ప్లేటుకు 27 మీటర్ల వెనక ఏదో ఉందని చెబుతోంది. కళ్లతో చూసి అక్కడ మట్టికట్ట ఉందని నిర్ధారించుకుంటే 862 మీద నమ్మకం ఇంకా పెరుగుతుంది.

గుంపు అయినంత మాత్రాన నిజమనీ కాదు. వెలుగు ప్లేటుకు పూర్తిగా పక్కనుంచి పోతుంటే 889 అయిదు సార్లూ వస్తుంది, చక్కగా, పొల్లుపోకుండా. అందుకే టార్గెట్‌తో పాటు దాని చుట్టూ కూడా కొలవాలి. ప్లేటు ముందు నేల, వెనక కట్ట, పక్కన గుంజ. ముందుది 850, వెనకది 889, నడుమ ప్లేటు 862. ఈ వరస కుదిరితే లెక్క కుదిరినట్టే. ప్లేటు అంకె, వెనక కట్ట అంకె ఒకటే అయితే మీరు ప్లేటును ఇంకా కొలవలేదని అర్థం. ప్లేటు ఎంతకీ పలకకపోతే దాని స్టాండునో, అంతే దూరంలో ఉన్న పెద్ద బండనో కొలిచి, కంటితో సరిచూసుకోవడం తప్ప మార్గం లేదు.

చాలా పరికరాల్లో మొదటి తిరుగు వెలుగును తీసుకోవాలా, చివరిదా, బలమైనదా అని ఎంచుకోవచ్చు. ఖాళీ మైదానంలో ప్లేటు ఉండి వెనక కట్ట ఉంటే మొదటిది కావాలి. ముందు గడ్డి, కొమ్మలు, వాన చినుకులు అడ్డొస్తుంటే చివరిది. పరికరాన్ని వేటకో ఇంకో పనికో ఎవరైనా వాడి తిరిగిచ్చాక ఈ సెట్టింగు చూసుకోకుండా కాల్చడం కోరి కష్టం తెచ్చుకోవడమే.

స్కోప్ రెటికల్‌తో, అంటే స్కోప్ అద్దంలో కనిపించే కొలత గీతలతో కూడా దూరం కట్టొచ్చు. వస్తువు ఎత్తును మీటర్లలో తీసుకుని వెయ్యితో గుణించి, రెటికల్‌లో కనిపించిన మిల్స్‌తో భాగిస్తే దూరం. అర మీటరు ప్లేటు 0.6 మిల్ కనిపిస్తే 833 మీటర్లు. కానీ కన్ను 0.05 మిల్ పొరపడితే చాలు, జవాబు 769 నుంచి 909 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. దీన్ని నమ్మి కాల్చలేం. అయినా లేజర్ 1130 అని చూపించినప్పుడు ఇదేదో తేడాగా ఉందే అని పట్టుకోవడానికి ఈ లెక్క చాలు.

వాలు, గజాలు

టార్గెట్ కొండ మీదో లోయలోనో ఉంటే లేజర్ కొలిచేది ఏటవాలు దూరం. భూమ్యాకర్షణ బుల్లెట్ దారికి అడ్డంగా పనిచేసేది మాత్రం అంతకన్నా తక్కువ దూరానికి సరిపడా. 800 మీటర్ల ఏటవాలు దూరం 30 డిగ్రీల కోణంలో ఉంటే సమతల దూరం 693. అదే 10 డిగ్రీలైతే 788. 5 డిగ్రీల లోపు వాలును దాదాపు పట్టించుకోనక్కర్లేదు.

693 మీటర్లకు సరిపడా టరెట్ తిప్పి కాల్చడం పాత పద్ధతి. దగ్గర దూరాలకు అది చాలు. దూరం, కోణం రెండూ పెద్దవైతే సరిపోదు, ఎందుకంటే గాలి బుల్లెట్ వేగాన్ని తినేది 693 మీటర్ల మేర కాదు, మొత్తం 800 మీటర్ల మేర. దానికి బదులు 800కి కావాల్సిన దిద్దుబాటును తీసుకుని కోణం కొసైన్‌తో గుణిస్తే నిజానికి దగ్గరగా వస్తుంది. పైన చెప్పిన ఉదాహరణలో ఈ రెండు పద్ధతుల మధ్య కొన్ని పదుల సెంటీమీటర్ల తేడా రావచ్చు. పక్కగాలి లెక్కకు ఎప్పుడూ ఏటవాలు దూరాన్నే తీసుకోవాలి. గాలి బుల్లెట్‌ను దారి పొడవునా నెడుతుంది.

ఇవన్నీ బుల్లెట్ దారిని లెక్కకట్టే బాలిస్టిక్ యాప్ చూసుకుంటుంది కదా అంటారా? చూసుకుంటుంది, మీరు దానికి సరైన అంకె ఇస్తే. యాప్ అడిగేది ఏటవాలు దూరం, కోణం, రెండూ విడివిడిగా. చాలా రేంజ్‌ఫైండర్లు కోణాన్ని సరిచేసేసిన దూరాన్నే తెర మీద చూపించే మోడ్‌లో ఉంటాయి. ఆ సరిచేసిన 693ను యాప్‌లో పెట్టి, కోణం కూడా 30 అని ఇస్తే అది మళ్లీ సరిచేస్తుంది. 800 కాస్తా 600 అవుతుంది, బుల్లెట్ ప్లేటుకు ఎక్కడో కింద నేలలో దిగుతుంది. కోణం కొలతలో ఒక డిగ్రీ తప్పు 10 డిగ్రీల వాలులో 800 మీటర్లకు రెండు మూడు మీటర్లే. అదే 30 డిగ్రీల వాలులో ఏడు మీటర్లు. నిటారు కొండల్లో కాల్చేవాళ్లు దూరంతో సమానంగా కోణాన్నీ సరిచూసుకోవాలి.

గజాల సంగతి రెండు ముక్కల్లో. గజం అంటే 0.9144 మీటరు. పైన చెప్పిన 874 గజాలైతే 799 మీటర్లన్నమాట, 75 మీటర్ల తేడా. పరికరం, యాప్, మీ పుస్తకంలోని పట్టిక, పక్కన కూర్చుని దూరం చెప్పే సహచరుడు, నలుగురూ ఒకే కొలమానంలో ఉండాలి.

ఎంత కచ్చితం చాలు

మళ్లీ ఆ 40 సెంటీమీటర్ల ప్లేటును 1000 మీటర్ల దగ్గర పెడదాం. మధ్యకు గురిపెడితే పైకి 20, కిందికి 20 సెంటీమీటర్ల చోటుంది. 10 మీటర్లకు 15 సెంటీమీటర్ల లెక్కన, మిగతావన్నీ దోషం లేకుండా ఉంటే, దూరంలో 13 మీటర్ల తప్పు దాకా తట్టుకోవచ్చు. కానీ మిగతావి అలా ఉండవు. రైఫిల్, తూటాల వేగంలో హెచ్చుతగ్గులు, మీ చేయి అన్నీ కలిసి నిలువుగా 30 సెంటీమీటర్ల గుంపు వేస్తున్నాయనుకోండి. పైకి 15, కిందికి 15 అక్కడే ఖర్చయ్యాయి. మిగిలింది అటు 5, ఇటు 5. దూరం కొలతకు దక్కేది సుమారు 3 మీటర్లు.

అందుకే అర మీటరు కచ్చితత్వం, మీటరు కచ్చితత్వం అని పరికరాలను పోల్చుకుంటూ కూర్చోవడం నాకు వృథా అనిపిస్తుంది. రెండూ ఆ 3 మీటర్లలో ఇమిడిపోతాయి. తెర మీద 861.4 అని దశాంశం కనిపించినంత మాత్రాన అది 861 కన్నా నిజం కాదు. ఇమడనిది 27 మీటర్ల వెనకున్న మట్టికట్ట. 1500 మీటర్లు దాటి కాల్చేవాళ్ల సంగతి కొంచెం వేరు. అక్కడ బుల్లెట్ మరీ ఏటవాలుగా దిగుతుంది, పైన చెప్పుకున్న వెలుగు 2000 మీటర్ల దగ్గర మూడు మీటర్ల వెడల్పవుతుంది. వాళ్లకు సన్నటి వెలుగు, గట్టి ట్రైపాడ్ రెండూ తప్పనిసరి.

తప్పు ఎక్కడుందో గుండ్లే చెబుతాయి

పరికరాన్ని ఒక్కసారైనా తెలిసిన దూరాలతో సరిపోల్చాలి. సర్వే పరికరంతో కొలిచి గుర్తులు పెట్టిన రేంజి ఉంటే అంతకన్నా మంచిది లేదు. ఫోన్ జీపీఎస్ ఈ పనికి చాలదు, రెండు చివరలా కొన్ని మీటర్ల తప్పు ఉంటుంది. ఒక దూరం సరిపోదు, రెండు కావాలి, ఒకటి దగ్గర, ఒకటి దూరం. 300 దగ్గరా 1000 దగ్గరా కూడా 2 మీటర్లే ఎక్కువ చూపిస్తే అది స్థిరమైన తేడా, తీసేసుకుంటే చాలు. 300 దగ్గర 3, 1000 దగ్గర 10 చూపిస్తే గడియారంలోనే ఒక శాతం తేడా ఉంది, పరికరాన్ని మార్చడమే మంచిది. బ్యాటరీ నీరసించినా, చలికి బిగుసుకున్నా సాధారణంగా తగ్గేది కొలవగలిగే దూరం. చలి రోజుల్లో అదనపు బ్యాటరీని జేబులో వెచ్చగా ఉంచుకోండి.

గుండ్లు వరసగా పైకో కిందికో పడుతున్నప్పుడు తప్పు దేనిదో ఒకే టార్గెట్ మీద తేల్చడం కుదరదు. 500, 700, 900 దూరాల్లో మూడు నాలుగు ప్లేట్లను కాల్చి చూడండి. అన్ని దూరాల్లో మిల్స్‌లో ఒకే తేడా వస్తుంటే రైఫిల్ జీరో, అంటే ఒక దూరానికి ముందే సరిచేసి పెట్టుకున్న గురి, కదిలింది. మూడు ప్లేట్లు సరిగ్గా తగిలి ఒక్కటే తప్పితే ఆ ఒక్క ప్లేటు దూరం తప్పు, అంటే కొలిచినప్పుడు వెలుగు ఇంకో వస్తువును తాకింది. తేడా దూరంతోపాటు క్రమంగా పెరుగుతుంటే బుల్లెట్ వేగం తప్పుగా ఇచ్చి ఉండొచ్చు. ఇక్కడే చాలామంది యాప్‌లో వేగాన్ని సవరించి, గుండ్లు తగలగానే సంతోషపడతారు. కానీ గడియారంలో ఒక శాతం తేడా ఉన్న రేంజ్‌ఫైండర్ కూడా ఇలాంటి గుర్తులే వదులుతుంది. అప్పుడు సవరించిన వేగం ఆ పరికరం తప్పును కప్పిపెట్టిన అంకె అవుతుంది. ఇంకో రేంజ్‌ఫైండర్‌తో కొలిచిన రోజున గానీ, దూరం ముందే రాసిపెట్టిన రేంజిలో కాల్చిన రోజున గానీ పట్టికంతా తప్పని తేలుతుంది. వేగాన్ని ముట్టుకునే ముందు బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌తో దాన్ని కొలవండి, రేంజ్‌ఫైండర్‌ను తెలిసిన రెండు దూరాల మీద పరీక్షించండి. ఆ రెండూ సరిగ్గా ఉండి కూడా తేడా పెరుగుతుంటే, ఇక చూడాల్సింది బుల్లెట్ బాలిస్టిక్ కోఎఫిషియెంట్, అంటే గాలి నిరోధాన్ని అది ఎంతగా తట్టుకుంటుందో చెప్పే అంకె.